పల్లీపట్టీ, పసిచేతులు: లోపం తల్లుల్లో కాదు, నిబంధనల్లో

రైల్లో రెండేళ్ల పిల్లాడి చేతికి పల్లీపట్టీ ఇస్తే సగం నోట్లోకి, సగం సీటు మీదకు పోతుంది. ఇన్నాళ్లూ అది శుభ్రత గొడవే. మరి తర్వాతి స్టేషన్‌లో అదే సీట్లో కూర్చునే పాపకు వేరుశనగ పడకపోతే? అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులను వేధించే ప్రశ్న ఇది. అలాగని నలుగురిలో పల్లీలే తినొద్దనాలా?

ముందు ఈ భయంలో నిజమెంతో చూడాలి. ప్రాణం మీదకు తెచ్చే తీవ్ర అలర్జీ ఎక్కువగా తిన్నప్పుడే వస్తుంది. చర్మానికి తగిలితే సాధారణంగా దద్దుర్లు, దురదతో ఆగుతుంది. చిక్కల్లా పసిపిల్లలు తాకిన చేతినే నోట్లో పెట్టుకోవడం. అందుకే తుడవాలి. సబ్బునీళ్లు, తడి వైప్స్ వేరుశనగ ప్రోటీన్‌ను తొలగిస్తాయి. శానిటైజర్ క్రిములను చంపుతుంది తప్ప ప్రోటీన్‌ను వదిలించదు.

పిల్లలందరినీ పల్లీలకు దూరంగా ఉంచడమూ పరిష్కారం కాదు. 2015లో వెలువడిన బ్రిటన్ ‘లీప్’ అధ్యయనం అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది శిశువులను పరిశీలించింది. తొలి ఏడాదిలోనే వేరుశనగ ఉన్న ఆహారం మొదలుపెట్టి ఐదేళ్ల వరకు తిన్నవారిలో ఆ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గింది. అయితే తీవ్రమైన ఎగ్జిమా, గుడ్డు అలర్జీ ఉన్న శిశువులకు డాక్టర్ సలహాతోనే మొదలుపెట్టాలి. గింజలుగా పెడితే గొంతుకు అడ్డం పడతాయి కాబట్టి మెత్తని ముద్దగానే ఇవ్వాలి.

అసలు లోపం నిబంధనల్లో ఉంది. గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, వేరుశనగ-జీడిపప్పు వంటి గింజలు, సోయా, సల్ఫైట్లు ఉంటే ప్యాకెట్‌పై చెప్పాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనలు నిర్దేశించాయి. ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికా 2023 నుంచి నువ్వులనూ తప్పనిసరి చేసింది. హోటళ్ల విషయానికొస్తే కేంద్ర లైసెన్సు ఉన్నవి, పది లేదా అంతకుమించి శాఖలున్నవి మాత్రమే అలర్జీ సమాచారం ఇవ్వాలి. మిఠాయి కొట్టు, బజ్జీల బండి, స్టేషన్‌లో విడిగా అమ్మే చిక్కీ ఈ లెక్కలోకి రావు. మన పిల్లలు ఎక్కువగా తినేది అక్కడే.

ఇక ప్రమాదం ముంచుకొస్తే కావలసిన మొదటి మందు అడ్రినలిన్. విదేశాల్లో తల్లిదండ్రులు వెంట ఉంచుకునే ఆటో ఇంజెక్టర్లు ఇక్కడ మామూలు మందుల షాపులో దొరకడం కష్టం. 

పిల్లాడు తిన్నచోటు తుడిచి దిగడం తోటి ప్రయాణికుల పట్ల కనీస మర్యాద. అది తల్లిదండ్రుల వంతు. విడిగా అమ్మే తినుబండారంలో ఏముందో కొనేవారికి చెప్పించడం, ప్రాణాలు నిలిపే ఇంజెక్షన్ అందుబాటులో ఉంచడం ప్రభుత్వం వంతు. మొదటిది చేయలేదని తల్లిని తిట్టేవాళ్లు బోగీ నిండా ఉంటారు. రెండోదాన్ని అడిగేవాళ్లే కనిపించడం లేదు.