పీఠం ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు

ఆదోని నుంచి రాయచూరు పోయే దారిలో, మాధవరం దాటి తుంగభద్ర అవతలి గట్టెక్కితే కర్ణాటక. ఇంకా పడమరకు పోయి హుబ్లీ కూడా దాటితే ముండగోడు. అక్కడి టిబెటన్ శిబిరంలో డ్రెపుంగ్ అనే పెద్ద మఠం ఉంది. ఆ మాటకు ధాన్యపు కుప్ప అని అర్థం. 1416లో లాసా దగ్గర ఆ మఠం కట్టినప్పుడు మన ధాన్యకటకాన్ని, అంటే అమరావతిని, తలచుకొని పెట్టిన పేరది. 1959లో చైనా సైన్యం లాసా తిరుగుబాటును అణచివేశాక, ప్రాణాలతో బయటపడిన భిక్షువులు మన దేశానికి వచ్చి ఆ పేరుతోనే మఠాన్ని మళ్ళీ నిలబెట్టుకున్నారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే బౌద్ధ దీక్ష జరిపించింది కూడా ఈ బంధంతోనే. కాబట్టి టిబెట్ సంగతి మనకెందుకని తెలుగువాళ్ళు అనలేరు.

2025 జులై 6న దలైలామాకు 90 ఏళ్ళు నిండాయి. ఆయన తర్వాత ఎవరన్నదే ఇప్పుడు ముంచుకొస్తున్న ప్రమాదం.

మంత్రాలయం పక్కన ఉన్నవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేయకముందే యోగీంద్రతీర్థులను తన పీఠానికి వారసుడిగా నిలిపారు. మంచాల గ్రామాన్ని, అంటే నేటి మంత్రాలయాన్ని, స్వామికిచ్చింది ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ అని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. వేరే మతం వాడైనా ఊరు రాసిచ్చి చేతులు జోడించాడే గానీ, మీ తర్వాతి స్వామిని నేను నియమిస్తానన్నట్టు ఏ కథలోనూ లేదు.

చైనా కమ్యూనిస్టు పార్టీ ఆ మాటే అంటోంది. పునర్జన్మ ఎత్తిన ఏ లామాకైనా ప్రభుత్వ అనుమతి ఉండాలని 2007లో ఉత్తర్వు తెచ్చింది. ఏ మతాన్నీ నమ్మకూడదని తన సభ్యులకు నియమం పెట్టిన పార్టీ అది.

ఆ ఉత్తర్వు కాగితం మీద మాటే కదా అనుకునేవాళ్ళు టిబెటన్ల మరో పెద్ద లామా అయిన పంచన్ లామాకు జరిగింది వినాలి. 1995 మే 14న దలైలామా గెధున్ చోకీ నీమా అనే ఆరేళ్ళ పిల్లవాణ్ణి పంచన్ లామాగా గుర్తించారు. మూడు రోజులకే ఆ బాబును, తల్లిదండ్రులను అధికారులు పట్టుకుపోయారు. ముప్పై ఏళ్ళు దాటాయి. మామూలు జీవితం గడుపుతున్నాడని చైనా అంటుంది, చూపించమంటే చూపించదు. అదే ఏడాది ప్రభుత్వం తన ఇష్టం వచ్చిన మరో పిల్లవాణ్ణి ఆ గద్దె మీద కూర్చోబెట్టింది. దలైలామా పునర్జన్మను గుర్తించడంలో పంచన్ లామా మాటకు సంప్రదాయంగా బరువుంది. అంటే రేపటి నాటకానికి రంగం అప్పుడే సిద్ధం చేసి పెట్టుకున్నారు.

లోపల ఉన్నవాళ్ళు నోరెత్తలేరు. దలైలామా పటం ఇంట్లో పెట్టుకున్నా నేరమే. 2009 నుంచి నూట యాభై మందికి పైగా టిబెటన్లు ఒంటికి నిప్పంటించుకున్నారు. టిబెట్‌లోనే కాదు, షిన్‌జియాంగ్‌లో ఉయ్ఘర్ ముస్లింలకు జరుగుతున్నది మానవత్వంపై నేరాలు కావచ్చని 2022లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయమే రాసింది.

ఇది చదివి మా పడమటి పల్లెల కామ్రేడ్లు నొచ్చుకోవచ్చు. కూలిరేటు కోసం, కాలువ నీళ్ళ కోసం వాళ్ళు చేసిన పోరాటాలంటే నాకు గౌరవమే. అందుకే వాళ్ళనే ముందుగా అడుగుతున్నాను: ఆరేళ్ళ బిడ్డను ఎత్తుకుపోయిన ప్రభుత్వాన్ని మీరే గట్టిగా నిలదీయండి.

టిబెట్ గురించి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1959, 1961, 1965లలో మూడు తీర్మానాలు చేసింది. మొదటిసారి భారత్ ఎటూ ఓటు వేయలేదు, 1965లో మాత్రం తీర్మానం పక్షాన నిలిచింది. 2025 జులైలో మన విదేశాంగ శాఖ విశ్వాసాల విషయంలో తాము ఏ వైఖరీ తీసుకోమంది. విశ్వాసాన్ని సర్కారు చేతిలోంచి కాపాడమని కోరుతుంటే ఈ జవాబు చాలదు.

కర్నూలు ఎంపీకి, రాజ్యసభలోని మన సభ్యులకు ఈ వారమే ఉత్తరం రాయండి. దలైలామా గుర్తించిన పంచన్ లామాను స్వతంత్ర పరిశీలకులకు చూపించమని భారత్ ఐక్యరాజ్యసమితిలో అడగాలి. వారసుణ్ణి గుర్తించే హక్కు తన గాదెన్ ఫోద్రాంగ్ ట్రస్టుదేనని 2025 జులై 2న దలైలామా ప్రకటించారు. బీజింగ్ నిలబెట్టే మనిషిని గుర్తించబోమని మన దేశం, మనతోపాటు ఇతర ప్రజాస్వామ్య దేశాలు దలైలామా బతికుండగానే చెప్పాలి.