ఇంటర్వ్యూ మార్కుకు లెక్క చెప్పండి

యూజీసీ అధ్యక్షుల వారికి,

2024 మార్చి నాటి మీ నిర్ణయం ప్రకారం, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ద్వారా పీహెచ్‌డీలో చేరేవారికి స్కోరు 70 శాతం, ఇంటర్వ్యూ 30 శాతం. వారిలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారికి మాత్రం ఇంటర్వ్యూనే ఆధారం. రాత పరీక్షకు కీ ఇస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు. ఇంటర్వ్యూలో మార్కు ఎక్కడ పోయిందో మాత్రం చాలాచోట్ల అభ్యర్థికి తెలియదు. పరిశోధనా దృష్టిని అంకెల్లో కొలవలేమని కొందరు ఆచార్యులంటారు. నిజమే కావచ్చు, కానీ ఇప్పుడు వేస్తున్నదీ అంకే. జీవశాస్త్ర అభ్యర్థి ముందు ఒక జెల్ ఫోటో పెట్టి, ఈ బ్యాండు ఎందుకు మసకగా ఉంది, తర్వాత ఏ ప్రయోగం చేస్తావని అడిగారనుకోండి. కారణం ఊహించినందుకు ఇన్ని మార్కులు, పోల్చిచూసే కంట్రోల్ ప్రయోగం అడిగినందుకు ఇన్ని అని విడిగా వేయడం కష్టమేమీ కాదు. అప్పుడు ఇంగ్లీషులో తడబడిన తెలుగు మీడియం విద్యార్థి ఆలోచనకూ విలువ దక్కుతుంది. మార్కుల విభజన ముందే ప్రకటించాలని, ఫలితంతోపాటు విడి మార్కులు ఇవ్వాలని విశ్వవిద్యాలయాలను ఆదేశించండి. వచ్చే నోటిఫికేషన్లకు ముందే ఆ పని జరగాలి.

ఇట్లు,
ఒక సైన్స్ అధ్యాపకురాలు