ఇస్సాకు బావులు

మానవాళి భవిష్యత్తుకు ఏ శాస్త్రం ముఖ్యమని యవనస్థుల కూడికలో అడిగితే కంప్యూటర్లు, రోదసి, జన్యుశాస్త్రం అంటారు. అవన్నీ దేవుడిచ్చిన జ్ఞానమే. అయితే పెండ్లిమర్రి మండలంలో చేలగట్ల మీద నడిచే మనకు మొదట గుర్తు రావలసింది నీటి శాస్త్రం.

భూమికింద నీటికి సరిహద్దు రాళ్లుండవని ఆ శాస్త్రం చెబుతుంది. రాతి పగుళ్లలోని నీరు అందరిదీ. ఒకరు లోతుగా బోరు దించితే పక్కవారి బోరు ఎండిపోవచ్చు. వాన కోసం ఉపవాస ప్రార్థన చేసి, మరునాడే పొరుగువాని కంటే వంద అడుగులు లోతుకు బోరు వేయిస్తే ఆ ప్రార్థనకు అర్థమేమిటి?

2000 దశకంలో మన కడపతో సహా 7 కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే వాననూ, బోర్లలో నీటిమట్టాన్నీ కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీరెంత, పంటలకు కావలసినదెంత అని లెక్క కట్టారు. ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క తెలిశాక చాలామంది తక్కువ నీటి పంటలకు మళ్లారు.

ఆదికాండము 26వ అధ్యాయంలో ఇస్సాకు తవ్వించిన రెండు బావుల దగ్గర గెరారు కాపరులు జగడమాడారు. జగడం లేని మూడో బావికి ఆయన రహెబోతు అని పేరు పెట్టాడు. అంటే ఎడము, చోటు. శాస్త్రం నీటిని కొలిచి చూపుతుంది. పొరుగువానికి చోటివ్వడం మాత్రం మన మనస్సాక్షి పని. ప్రియులారా, ఈ వారం మన బోరులో నీరెంత ఉందో కొలుద్దాం. ఆ లెక్క పక్క చేను రైతుకూ చెబుదాం.