చిన్న యింటికి పెద్ద వెలుగు

పిల్లలూ! మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో మిగిలిన పాత యిళ్ళను చూశారా? గోడకు తెల్లని సున్నం, అడుగున ఎర్రని జాజు పట్టీ. వానకు చిందే బురద జాజులో కనిపించదు. మరి సున్నం దేనికి?

తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, సున్నపురాయిగా మారి గోడను పట్టుకుంటుంది. ఆ తెల్లదనం తనమీద పడిన వెలుతురును చాలావరకు గదిలోకే తిప్పి పంపుతుంది. ముదురు రంగు దానిని మింగేస్తుంది.

కావాలంటే కిటికీకి వీపు పెట్టి పుస్తకం తెరవండి. ఎదురుగా ముందు తెల్లకాగితం, తరవాత నల్లగుడ్డ పట్టించండి. పేజీమీద తేడా తెలుస్తుంది.

ఇప్పుడు మీ గది చూడండి. కిటికీకి బీరువా అడ్డమున్నదా? పెద్దలకు చెప్పి పక్కకు జరిపించండి. గోడకు లేతరంగు చాలు. పగటిపూట దీపం లేకుండా మీరు చదువుకోగలిగితే, చిన్న యింటికి అంతకు మించిన అలంకారం యేముంది?