పెండ్లి క్యాసెట్టూ, దువ్వెన పళ్ళూ

సింధనూరు వైపు ఒక క్యాంపు నుండి సోదరి యొకరు మాకు ఉత్తరం వ్రాసినారు. వారి వివాహం 1991లో జరిగినదట. ఆనాటి వీడియో క్యాసెట్టును ఇటీవల ఒక దుకాణంలో ఇచ్చి పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొన్నారు. కొత్త టీవీలో పెట్టి చూడగా, మనుషులు కదలకుండా కూర్చున్నంతసేపూ బొమ్మ బాగానే వున్నది. తలంబ్రాల ఘట్టం వచ్చేసరికి చేతుల అంచులన్నీ దువ్వెన పళ్ళవలె చీలిపోయి కనుపించినవి. "టేపు పాతబడిపోయిందమ్మా, ఇక పారవేయండి" అని దుకాణదారు చెప్పినాడట. "మా మామగారు నడుస్తూ, మాట్లాడుతూ కనుపించేది ఆ ఒక్క టేపులోనే. నిజంగా పారవేయవలసిందేనా?" అని ఆమె ప్రశ్న.

పారవేయవద్దమ్మా. ఆ పళ్ళు టేపుకు వచ్చిన జబ్బు కాదు. టీవీ బొమ్మ పుట్టుకలోనే వున్న సంగతి అది.

పాతకాలపు డబ్బా టీవీలో బొమ్మ మొత్తం ఒక్కసారి పడేది కాదు. గొట్టం వెనుకనుండి వచ్చే ఎలక్ట్రాను ధార అద్దంమీద ఎడమనుండి కుడికి ఒక్కొక్క గీతే గీస్తూ క్రిందికి దిగేది. మన దేశపు పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. అందులో బొమ్మను మోసేవి 576 మాత్రమే, మిగిలినవి ధార తిరిగి పైకి పోయే వ్యవధికి సరి. అయితే ఆ గీతలను వరుసగా గీయరు. ప్రత్తి చేనులో సాలు విడిచి సాలు తోలినట్లు, మొదట 1, 3, 5 అని బేసి గీతలు, మళ్ళీ పైకి వచ్చి 2, 4, 6 అని సరి గీతలు. ఒక్కొక్క విడతకు సెకనులో 50వ వంతు పడుతుంది. రెండు విడతలు కలిస్తే ఒక నిండు బొమ్మ, అనగా సెకనుకు 25 బొమ్మలు.

ఇంత తిరకాసు ఎందుకంటే, సెకనుకు 25 మాత్రమే వేస్తే తెర మినుకు మినుకుమంటుంది. 50 నిండు బొమ్మలు పంపుదామంటే ఆకాశమార్గంలో రెట్టింపు చోటు కావాలి. సాలు విడిచి సాలు గీస్తే ఉన్న చోటులోనే కంటికి 50 సార్లు వెలుగు తగులుతుంది. లండన్‌లో బి.బి.సి. వారు 1936లోనే 405 గీతలతో ఈ ఉపాయం వాడినారు. 50 అన్న అంకె మాత్రం కరెంటు లెక్కనుండి వచ్చినది. మన శక్తినగరంలో పుట్టే కరెంటూ సెకనుకు 50 చుట్లే గదా! అమెరికాలో కరెంటు 60 చుట్లు గనుక వారి టీవీ 525 గీతలు, 60 విడతలు. అక్కడి బంధువులు ఆప్యాయంగా పంపిన క్యాసెట్లు మన ఇండ్లలోని మామూలు యంత్రాలలో సరిగా ఆడకపోవడానికి కారణం అదే.

మన జిల్లా పెద్దలకు ఈ గీతలతో పరిచయం చాలా పాతది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 పల్లెలకు టీవీ చూపించినారు. కర్ణాటకలో ఆ భాగ్యం రాయచూరు, గుల్బర్గా, బిజాపురం జిల్లాలకు దక్కినది. బడిదగ్గరో, పంచాయతీదగ్గరో పది అడుగుల తీగవల గొడుగు, హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వారు తయారు చేసిన నలుపు తెలుపు పెట్టె. కన్నడంతో పాటు మన తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చేవి. పట్టణాలవారికంటె ముందు పల్లెటూరివారు టీవీ చూడడం అంతకుముందు ఎన్నడైనా విన్నామా! ఆ తరువాత 1977లో గుల్బర్గాలో ప్రసారకేంద్రం వచ్చినది.

ఇక దువ్వెన పళ్ళ సంగతి. బేసి గీతలు గీసినప్పటికీ సరి గీతలు గీసినప్పటికీ మధ్య సెకనులో 50వ వంతు గడిచిపోయినది. ఆ కాస్తలోనే తలంబ్రాలు పోసే చెయ్యి కొంత జరుగుతుంది. బేసి గీతలలో చెయ్యి ఇక్కడ, సరి గీతలలో అక్కడ. పాత టీవీ వాటిని వేరు వేరు క్షణాలలో చూపేది గనుక కంటికి తెలియలేదు. కొత్త పలుచని తెరలో ధార లేదు, చుక్కలున్నవి. అది అన్ని వరుసలనూ ఒక్కసారే వెలిగిస్తుంది. రెండు క్షణాల చేతులు ఒకే బొమ్మలో పడి పళ్ళు తేలుతాయి. కంప్యూటరు తెరలు చిరకాలంగా వరుసగా గీసేవే. దుకాణాలలో "1080 ఐ", "1080 పి" అంటారే, ఆ "ఐ" సాలు విడిచినది, "పి" వరుసగా వచ్చేది. అంతే భేదం.

కనుక ఆ సోదరి చేయవలసింది, టేపును మళ్ళీ ఎక్కించమనడం. ఈసారి 720 అడ్డం, 576 నిలువు చుక్కలతో, రెండు విడతల గీతలూ ఉన్నవి ఉన్నట్లుగా ఒక ప్రతి తీయించి భద్రపరచాలి. చూసుకొనేందుకు వేరే ప్రతిలో ఆ విడతలను విడదీసి సెకనుకు 50 నిండు బొమ్మలుగా మార్పించాలి. కొందరు పళ్ళు పోవాలని సరి గీతలన్నీ తీసిపారవేస్తారు. అప్పుడు మిగిలేది 288 గీతలే, మామగారి ముఖంలో సగం వివరం పోయినట్లే. విడదీయకముందే బొమ్మను సాగదీసి పెద్దది చేయడం ఇంకా ప్రమాదం. గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఆ పళ్ళను తరువాత తీయడం దుర్లభమవుతుంది.

"ఫోర్ కె చేసి ఇస్తాము" అని ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వనక్కరలేదు. ఫోర్ కె తెరలో 3840 అడ్డం, 2160 నిలువు, అంటే 82,94,400 చుక్కలు. మన 720, 576 లెక్కకు 4,14,720 చుక్కలే. క్యాసెట్టు పట్టిన వివరం అంతకన్నా తక్కువ. లేని వివరం ఎక్కడనుండి వస్తుంది? పాత బొమ్మ వెడల్పు 4, ఎత్తు 3. కొత్త తెర 16కు 9. ప్రక్కల నల్లపట్టీలు ఉండనివ్వండి. తెర నిండాలని లాగితే పెండ్లికూతురు మొదలు పురోహితులవరకు అందరూ గుమ్మడిపండ్లే.

టేపు పెట్టకముందు మూత ఎత్తి చూడండి. తెల్లని బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టనివ్వవద్దు. అది యంత్రానికి అంటి తరువాత పెట్టే క్యాసెట్లకూ ప్రాకుతుంది. శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వాలి. ఈ పనికి ఎక్కువ ఆలస్యం కూడదు. క్యాసెట్టు యంత్రాలు చివరిదాకా చేస్తూ వచ్చిన జపానువారి ఫునాయి సంస్థ 2016 జూలైలో ఆపివేసినది. ఇప్పుడు ఆడుతున్నవన్నీ పాత యంత్రాలే. ఎక్కించడం ముగిసిన తరువాత కూడా క్యాసెట్టును మొదటికి త్రిప్పి, పుస్తకంవలె నిలువుగా, చెమ్మ తగలనిచోట వుంచండి.