పెరటితోట: దానిమ్మకాయలు పగులుట యేల?

దానిమ్మచెట్టు గల యిండ్లలోని సోదరీమణులు మాతో తఱచుగా చెప్పుకొను కష్టములు రెండు. పూవులు విరగబూచి నేల రాలిపోవుచున్నవని మొదటిది. నిలిచిన కాయలైనను పండబోవువేళకు పగిలిపోవుచున్నవని రెండవది.

మొదటిదానికై విచారింపవలసిన పనిలేదు. దానిమ్మకు రెండు తెఱగుల పూవులు పూయును. మొదలు గుండ్రముగా నుబ్బి చిన్న కూజావలె నుండునవి కాయలగును. మొదలు సన్నగా నుండి గంటవలె కానవచ్చునవి మగపూవులు. అవి రాలక తప్పదు. ఈ సంగతి నెఱుగక కొందఱు దృష్టిదోషమని చెట్టుకు పాతచెప్పు వ్రేలాడగట్టుదురు. కట్టినందున చెట్టునకు హాని లేదు. మగపూవు మాత్రము కాయ గాదు.

కాయలు పగులుట యట్టిది కాదు. అది చాలవఱకు మన చేతిలోని పని. నేల బాగుగా నెండినప్పుడు కాయతొక్క బిరుసెక్కును. అటుపిమ్మట నొక్కసారిగా నీరు సమృద్ధిగా నందినచో లోపలి గింజలు రసముతో నుబ్బును. తొక్క సాగలేక చీలిపోవును. మేమొక వేసవిలో పెండ్లికని 10 దినములు పొరుగూరు పోయి, తిరిగి వచ్చి, వాడిన చెట్టును చూచి జాలిపడి, ఆ సాయంకాలమే 4 బిందెల నీరు పోసితిమి. వారము తిరుగకముందే పండుటకు సిద్ధమైన కాయలలో సగము పగిలినవి. ఆ జాలి 10 దినముల యెండకంటె నెక్కువ చెఱుపు చేసినది.

కావున పిందె పడినది మొదలు కాయ కోయువఱకు నీరు క్రమము తప్పక పోయవలెను. వేసవిలో 2, 3 దినముల కొకసారి, చెట్టు మొదటికి అడుగున్నర దూరమున చుట్టును పాదు చేసి యందు పోయుట మంచిది. పాదులో ఎండుటాకులు గాని వరిగడ్డి గాని 4 వ్రేళ్ల మందమున పఱచినచో తేమ నిలుచును. ఊరికి పోవలసివచ్చినచో పొరుగింటివారి కొక మాట చెప్పి పోవలెను. అది వీలుపడక నేల యెండిపోయినయెడల, తొలిదినమున కొంచెమే పోసి, దినదినమును పెంచుచు రావలెను. బోరాన్ అను ఖనిజము నేలలో కొఱతపడినను కాయలు పగులును. కాని పెరళ్లలో ముందుగా ననుమానింపవలసినది నీటినే.

క్రొత్తగా నాటదలచువారు గింజ నాటవలదు. తల్లిచెట్టు గుణము మొలకకు రాకపోవచ్చును. అనంతపురము జిల్లా తోటలలో విరివిగా పెంచు భగువా రకము పెరటికిని తగును. తొక్క కుంకుమవన్నె, గింజ మెత్తన. మంచి చెట్టునుండి పెన్సిలంత లావు గల ముదురుకొమ్మను జానెడు పొడవున కోసి నాటినచో వేరూనును. 2 అడుగుల గొయ్యి, చివికిన పశువుల యెరువు, దినమంతయు ఎండ తగులు చోటు చాలును. అంట్లు తోమిన నీరు మడుగుకట్టు మూల మాత్రము పనికిరాదు. మొదట లేచు పిలకలలో మూడునాలుగింటిని కాండములుగా నుంచి తక్కినవానిని ఎప్పటికప్పుడు తీసివేయవలెను. కొమ్మలకొన లన్నియు కత్తిరింపరాదు. కాయలు పట్టునది ముదురుకొమ్మలపైని పొట్టిరెమ్మలకే.

కాయకు చిన్న రంధ్రము పడి దుర్గంధము వచ్చినచో లోపల పురుగు చేరినదని యెఱుగవలెను. ఒక సీతాకోకచిలుక పూవులపైనను లేతకాయలపైనను గ్రుడ్లు పెట్టిపోవును. వాని పురుగు కాయను తొలుచును. అట్టి కాయను చెట్టుక్రింద విడువక నాశనము చేయవలెను. పిందె నిమ్మకాయంత కాగానే పలుచని పాతచీర గుడ్డతో సంచి కుట్టి తొడిగినచో ఉడుతల బాధయు తగ్గును.

పూవు పండగుటకు 5, 6 నెలలు పట్టును. దానిమ్మ కోసిన పిమ్మట మాగదు గనుక తొందరపడరాదు. పండిన కాయ నిగనిగ తగ్గి, ప్రక్కలు కొంచెము పలకలుదేరి, వ్రేలితో తట్టినచో ఖంగుమనును. కత్తెరతో తొడిమ కోయవలెను. మెలిపెట్టి లాగినచో రెమ్మ చీలును.

ఇంత చేసినను తొలివానకు ఒకటిరెండు కాయలు పగులును. అట్టివానిని ఆనాడే కోసి, బూజు గాని చీమ గాని పట్టకముందే గింజలొలిచి పిల్లలకు పెట్టవచ్చును.