కప్పిపుచ్చవలసినది ఏది?



ఈ నెల ఈ శీర్షికలో పిల్లల పరీక్షలను గురించి రాయాలనుకున్నాము. అంతలో ఒక తల్లి నుండి నాలుగు పుటల ఉత్తరం వచ్చింది. పరీక్షల సంగతి మరో నెల చూద్దామని పక్కన పెట్టాము. ఆమె అనుమతితోనే ఈ విషయం రాస్తున్నాము. ఊరు, వయసు, బంధుత్వం మొదలైన ఆనవాళ్లన్నీ మార్చివేశాము. కనుక చదివినవారెవరైనా ‘ఇది ఫలానావారి ఇల్లే’ అని ఊహిస్తే ఆ ఊహ తప్పక పొరపాటే అవుతుంది.

ఆ సోదరి భర్త గల్ఫ్ దేశంలో పనిచేస్తున్నారు. ఇక్కడ అత్తగారు, 13 ఏళ్ల కొడుకు, ఇంకా చిన్నదైన కూతురు ఉన్నారు. బ్యాంకు పనులు, ఇంటి మరమ్మతు, పిల్లల ఫీజులు అన్నీ పిల్లవాడి మేనత్త భర్త, అంటే ఫూఫా గారే చూసుకునేవారు. నమాజీ, మాట మెత్తన, బస్తీలో నలుగురికీ కావలసిన మనిషి. సెలవుల్లో పిల్లవాడు వాళ్లింటనే పడుకునేవాడు. కొన్నాళ్లకు వాడు అక్కడికి వెళ్లనని మొండికేశాడు. చదువు తగ్గింది. చెల్లెలి మీద ఊరికే చేయి చేసుకునేవాడు. రోజుకు మూడు నాలుగుసార్లు స్నానం చేసేవాడు. తల్లి అదంతా వయసు ప్రభావమనుకున్నది. ఒక రాత్రి వాడు ఏడుస్తూ, ముక్కలు ముక్కలుగా, ఫూఫా తనతో ఏమి చేస్తున్నాడో చెప్పాడు.

“నేను వాడిని కొట్టాను” అని ఆమె రాసింది. “పెద్దవాళ్ల మీద ఇంత అబద్ధమా అని చెంప మీద కొట్టాను. తెల్లవారేసరికి నాకు తెలిసిపోయింది, అది అబద్ధం కాదని. కానీ వాడు మళ్లీ నాతో ఆ మాట ఎత్తలేదు.” తరువాత ఆమె అత్తగారికి చెప్పుకున్నది. అత్తగారు తలుపు మూసి, సబ్ర్ చేయమన్నారు. తోటి ముస్లిం తప్పును కప్పిపుచ్చినవారి తప్పులను ప్రళయదినాన అల్లాహ్ కప్పిపుచ్చుతాడన్న హదీసును గుర్తుచేశారు. నా కూతురి కాపురం కూల్చవద్దని చేతులు పట్టుకున్నారు. చివరకు ఆ సోదరి మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: “ధర్మం నన్ను మౌనంగా ఉండమంటున్నదా?”

లేదు. ఈ జవాబు ఇవ్వడానికి మాకు క్షణం కూడా పట్టలేదు. అయితే ఆ పెద్దావిడ చూపిన హదీసు కల్పితమైనది కాదు, ప్రామాణికమైనదే. కనుక దాన్ని పక్కకు నెట్టి మాట్లాడడం సరికాదు. ఆ బోధ ఎక్కడ వర్తిస్తుందో చూడాలి. మనిషి తనకూ తన ప్రభువుకూ మధ్య ఒక తప్పు చేసి, సిగ్గుపడి, దాన్నుండి వైదొలిగితే, దాన్ని వీధిలోకి ఈడ్చవద్దని ఆ బోధ. మరొకరి హక్కు కాలరాయబడుతున్నప్పుడు, ఆ దౌర్జన్యం మళ్లీ మళ్లీ జరిగే అవకాశం ఉన్నప్పుడు, దాన్ని దాచడం ఆ కోవలోకి రాదని ధర్మవేత్తలు స్పష్టం చేశారు. అదే ప్రవక్త (స) మీ సోదరునికి సహాయపడండి, అతడు పీడితుడైనా సరే, పీడకుడైనా సరే అని బోధించినప్పుడు, పీడకునికి సాయమెలా చేయగలమని సహచరులు ఆశ్చర్యపోయారు. దౌర్జన్యం చేయకుండా అతని చేయి పట్టుకోవడమే అతనికి చేసే సాయమని ఆయన వివరించారు. అల్లుని మీద ఆ అత్తగారికి నిజంగా ప్రేమ ఉంటే, దారి ఇదే.

ఇక బంధుత్వం మాట. న్యాయం పక్షాన నిలబడి సాక్ష్యమివ్వాలని, అది స్వయంగా మనకే, మన తల్లిదండ్రులకే, మన బంధువులకే వ్యతిరేకమైనా వెనుకాడరాదని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తున్నది (అన్నిసా సూరా, 135). బంధువుల పేరు ఆ ఆయతులో ఊరికే రాలేదు. మనిషి తడబడేది అక్కడే.

సబ్ర్ అనే మాటను కూడా మన ఇళ్లలో చాలా చౌకగా వాడుతున్నాము. దెబ్బ తగిలినవానికి సబ్ర్ చెబుతాము, కొట్టినవానికి ఏమీ చెప్పము. 13 ఏళ్ల పిల్లవాడిని సబ్ర్ చేయమని, 45 ఏళ్ల మనిషిని అంతకు ముందులాగే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోబెట్టడం సహనం కాదు. అది పిరికితనం. ఈ మాట కటువుగా ఉంటే మన్నించండి, మార్చలేము.

ఇది ఎక్కడో ఒక ఇంట్లో జరిగిన వింత అనుకునేవారికి ఒక సంగతి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక అధ్యయనం ప్రకటించింది. 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. వారిలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురైనట్లు చెప్పారు. అలా చెప్పినవారిలో సగానికి పైగా మగపిల్లలు. వేధించినవారిలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవారు, వారి నమ్మకాన్ని పొందినవారు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాలలో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆడపిల్లను గడప దాటనీయకుండా కాపాడుతున్నామనుకునే మనం మగపిల్లవాడి విషయంలో ‘వాడికేమిటి’ అని నిశ్చింతగా ఉంటాము. గడప లోపలివారి సంగతి ఇద్దరి విషయంలోనూ ఆలోచించము.

ధర్మం మాత్రం ఆలోచించింది. ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునే వేళ, ఇషా తరువాత, ఈ మూడు సమయాల్లో పిల్లలు సైతం అనుమతి అడిగి లోపలికి రావాలని, యుక్తవయసు వచ్చాక అన్ని వేళలా అడగాలని అన్నూర్ సూరా (58, 59) నేర్పుతున్నది. పదేళ్లు వచ్చేసరికి పిల్లల పడకలు వేరు చేయమని హదీసు ఉంది. ఈ నియమాలను మనం పిల్లలకు మాత్రమే వర్తింపజేసి, పెద్దలను వదిలేశాము. పెళ్లి జరిగే ఇంట్లో హాలు నిండా వరుసగా పరుపులు పరచి, ఎవరి పక్కన ఎవరు పడుకున్నారో చూడకుండా దీపం ఆర్పుతాము. అతిథికి చోటు కావాలంటే మొదట కదిలించేది పిల్లవాడి మంచాన్నే. పిల్లవాడికి కూడా తన ఒంటి మీద, తన పడక మీద ఒక హక్కు ఉన్నదని వాడికి తెలిసేలా పెంచితే, ఎవరైనా ఆ హద్దు దాటినప్పుడు వాడికి అది తప్పని వెంటనే తెలుస్తుంది.

ఆ తల్లి కొట్టిన దెబ్బ దగ్గరకు వద్దాము. ఆమె దాన్నే తలచుకుని కుమిలిపోతున్నది. హజ్రత్ అనస్ (రజి)ను ఆయన తల్లి ఉమ్మె సులైమ్ (రజి) పదేళ్ల వయసులో ప్రవక్త (స) సేవలో ప్రవేశపెట్టారు. ఆయన అక్కడ పదేళ్లు గడిపారు. అంటే మనం ఈనాడు టీనేజ్ అని పిలిచే వయసు మొత్తం. ఆ పదేళ్లలో ప్రవక్త (స) తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని, ఎందుకు చేశావు, ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని ఆయన చెప్పుకున్నారు. ఒకసారి పని మీద పంపితే, వెళ్లనని అని, బజారులో ఆడుకునే పిల్లల దగ్గర ఆగిపోయారట. వెనుక నుండి ఎవరో మెడ మీద చేయి వేశారు. తిరిగి చూస్తే ప్రవక్త (స), ముఖాన నవ్వు. చెప్పిన చోటికి వెళ్లావా అని ముద్దుపేరుతో పిలిచి అడిగారు. అలాంటి పెద్దల దగ్గర పెరిగిన పిల్లవాడు ఏ మాటనైనా దాచుకోడు. మన ఇళ్లలో గ్లాసు పగిలిన సంగతి చెప్పడానికే పిల్లలు వణుకుతారు. ఇంత పెద్ద సంగతి ఎలా చెబుతారు?

ఆమెకు మేము చెప్పినది ఇది: వాడు మళ్లీ ఎత్తేదాకా ఎదురుచూడకండి. మీరే పక్కన కూర్చుని, ఆ రోజు నిన్ను కొట్టడం నా తప్పు, నీ మాట నమ్ముతున్నాను, ఇందులో నీ దోషమేమీ లేదు అని చెప్పండి. వివరాలు గుచ్చి గుచ్చి అడగకండి. బంధువులందరి ముందూ చెప్పించకండి. ఆ మనిషితో ముఖాముఖి అసలే పెట్టకండి. ఆ ఇంటికి పిల్లవాడినే కాదు, చిన్నపిల్లను కూడా పంపవద్దు.

తరువాత చట్టం. 18 ఏళ్ల లోపు పిల్లల రక్షణకు 2012లో వచ్చిన పోక్సో చట్టం ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా వర్తిస్తుంది. ఇలాంటి నేరం తెలిసినవారెవరైనా పోలీసులకు తెలియజేయవలసిందే. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలుశిక్ష ఉంది. ఒక సంస్థ బాధ్యులు తమ కింద పనిచేసేవాని నేరాన్ని దాస్తే ఏడాది వరకు. మదరసా, పాఠశాల, ట్యూషన్ కేంద్రాల కమిటీల పెద్దలు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలని మనవి. సంస్థకు చెడ్డపేరు వస్తుందని ఒక ఉపాధ్యాయుణ్ణి నిశ్శబ్దంగా మరో ఊరికి పంపివేస్తే, ఆ ఊరి పిల్లలకు మనమేమి జవాబు చెబుతాము?

ఉత్తరం చదివాక మేము కూడా ఆ చట్టానికి లోబడినవారమే అయ్యాము. అందుకే మా సంపాదక వర్గంలోని ఒక సోదరి మరునాడే ఆమెకు ఫోన్ చేసి, ఫిర్యాదు మీరు చేస్తారా, మేము చేయాలా అని అడగవలసి వచ్చింది. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన తమ్ముణ్ణి పిలిపించుకుని, తానే చేస్తానన్నది.

ఆమె భయమంతా పోలీసు స్టేషను గురించే. పిల్లవాడిని అక్కడ నలుగురి మధ్య నిలబెడతారని. చట్టం అలా చెప్పదు. పిల్లల వాంగ్మూలం ఇంటి దగ్గర గానీ, వారు కోరుకున్న చోట గానీ తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోరాదు. తల్లిదండ్రులు గానీ, పిల్లలు నమ్మే మరొకరు గానీ పక్కన ఉండాలి. రాత్రివేళ పిల్లలను స్టేషన్లో ఉంచరాదు. పత్రికల్లో వారి ఆనవాళ్లు రాయరాదు. ఎక్కడికి వెళ్లాలో తోచనివారు 1098కి ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. హైదరాబాదులో 2016 నుండి పోలీసుల ఆధ్వర్యంలో భరోసా కేంద్రం ఉంది. అక్కడ పోలీసు సాయం, వైద్యం, న్యాయ సలహా, మనసుకు ధైర్యం చెప్పేవారు ఒకే చోట దొరుకుతారు.

కాగితం మీద ఉన్నదంతా ప్రతిచోటా సవ్యంగా జరుగుతుందని మేము హామీ ఇవ్వలేము. వాంగ్మూలం మాత్రం వాళ్లింటనే, మామూలు చీరలో వచ్చిన అధికారిణి తీసుకున్నారు. ఆడబిడ్డ మాట్లాడడం మానేశారు. అత్తగారు ఇంట్లోనే ఉన్నా, కోడలితో ముఖం ఇచ్చి మాట్లాడడం లేదు. గల్ఫ్‌లోని భర్త మొదట కోపగించుకుని, మూడు రోజుల తరువాత ఫోన్ చేసి, కొడుకును పిలవమన్నారట. తండ్రీకొడుకులు ఏమి మాట్లాడుకున్నారో ఆమె అడగలేదు. ఫీజులు ఇక తమ్ముడు కడతాడట. ఇవన్నీ ఆమె చెల్లించిన వెల. తక్కువ అని మేమనము.

ఉత్తరం చివర పిల్లవాడి తరఫున ఆమె మరొక ప్రశ్న రాసింది. తాను పాపినా, తన నమాజు చెల్లుతుందా అని వాడు అడిగాడట. అన్నిసార్లు స్నానం ఎందుకు చేసేవాడో మాకు అప్పుడు అర్థమైంది. యుక్తవయసు రాని బిడ్డ లెక్క రాయబడదని ప్రవక్త (స) చెప్పారు. యుక్తవయసు వచ్చినా, బలవంతం చేయబడినవాని మీద ఆ పాపం ఉండదు. అది చేసినవానిదే. నీ నమాజులు చెల్లుతాయి, నాయనా. మామూలుగా వుజూ చేసుకుని నిలబడు.

ఈ జవాబు పత్రిక అచ్చయ్యేదాకా ఆగకూడదని, ఆ రోజే మా సోదరి ఫోన్‌లో వాడితో చెప్పింది. అవతల కొంతసేపు నిశ్శబ్దం. తరువాత వాడు సలాము చెప్పి, ఫోన్ అమ్మీకి ఇచ్చేశాడు.